నోట్ల మీద, స్టాంపుల మీద బొమ్మ చెక్కే పనికి వెళ్లాలంటే ముందు షేడింగ్ మరిచిపోవాలి

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. మీరు ఫైన్ ఆర్ట్స్ చివరి ఏడాదిలో ఉన్నారు, పెన్సిల్ పోర్ట్రెయిట్లు బాగా వేస్తారు, కరెన్సీ నోట్లకీ తపాలా బిళ్లలకీ బొమ్మలు చెక్కే ఎన్‌గ్రేవర్ కావాలనుకుంటున్నారు. ఆ దారి ఎలా ఉంటుంది, కంప్యూటర్లు వచ్చాక ఆ ఉద్యోగం అసలు మిగిలిందా, పెన్సిల్ పని అందులో ఎంతవరకు అక్కరకొస్తుంది అని అడిగారు. నేను నోట్లు, స్టాంపులు అచ్చేసే ఒక సెక్యూరిటీ ప్రెస్‌లో అప్రెంటిస్‌గా చేరి పోర్ట్రెయిట్ ఎన్‌గ్రేవర్‌గా రిటైరయ్యాను. చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా రెండింటికీ జవాబు అందులోంచే వస్తుంది.

పెన్సిల్ పోర్ట్రెయిట్‌కి ప్రాణం షేడింగ్. దవడ కింద నీడ కావాలంటే ఒత్తి రుద్దుతారు, బుగ్గ మీదికి వచ్చేకొద్దీ చెయ్యి తేలిక చేస్తారు, చివర్లో వేలితో కలిపేస్తారు. ఎన్‌గ్రేవింగ్‌లో ఈ వెసులుబాటు ఏదీ లేదు. చెక్కే లోహపు ప్లేటు మీద గాడి ఉంటే ఇంకు పడుతుంది, లేకపోతే కాగితం తెల్లగా మిగిలిపోతుంది. మీరు నోటు మీద చూసే బూడిద రంగంతా గీతల మందం, లోతు, వాటి మధ్య వదిలిన ఖాళీ కలిసి కంటికి కలిగించే భ్రమే.

ముద్రణ ఎలా జరుగుతుందో తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ప్లేటంతా ఇంకు పూసి, పై భాగాన్ని శుభ్రంగా తుడిచేస్తారు. గాడుల్లో మాత్రం ఇంకు నిలుస్తుంది. దాని మీద కాగితం పెట్టి టన్నుల కొద్దీ ఒత్తిడితో నొక్కితే కాగితం గాడిలోకి దిగి ఆ ఇంకుని పైకి లాక్కొస్తుంది. దీన్నే ఇంటాగ్లియో అంటారు. కొత్త నోటు మీద వేలు పోనిస్తే తగిలే గరుకుదనం అలా పైకి లేచిన ఇంకుదే. లోతుగా, వెడల్పుగా ఉన్న గాడి ఎక్కువ ఇంకు పట్టుకుంటుంది కాబట్టి ఒకే రంగు ఇంకు కనుబొమ్మ దగ్గర చిక్కగా, నుదుటి మీద పల్చగా కనిపిస్తుంది. మనం బొమ్మని నిలువు, అడ్డం చూసుకుని గీయడంతో సరిపోదు, ప్రతి గీత ఎంత లోతుకి దిగాలో కూడా చూసుకోవాలి. ఆ లోతు ఎక్కువలో ఎక్కువ మిల్లీమీటరులో పదో వంతు చుట్టుపక్కలే తిరుగుతుంది.

ఒక మంచి నోటు తీసుకుని పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం కింద బుగ్గ భాగం చూడండి. నీడ వైపున గీతలు బలంగా, దగ్గరదగ్గరగా మొదలవుతాయి. బుగ్గ గుండ్రదనాన్ని అనుసరిస్తూ వంగుతాయి. వెలుగు వైపు వచ్చేకొద్దీ సన్నబడి, ముక్కలై, చుక్కలుగా మారి ఆగిపోతాయి. ఆ తర్వాత ఉన్నది ఖాళీ కాగితమే, కానీ అక్కడ చర్మం ఉన్నట్టే అనిపిస్తుంది. నీడ చిక్కబడాల్సిన చోట రెండో వరస గీతలు మొదటి వాటిని ఏటవాలుగా కోస్తూ వెళ్తాయి. అలా ఏర్పడ్డ డైమండ్ గడుల మధ్యలో ఒక్కో చుక్క పెడతారు. గీతలు నిటారుగా, చదరపు గడులుగా కోసుకుంటే అది గుడ్డలాగానో గోడలాగానో కనిపిస్తుందే తప్ప ఒళ్లులా కనిపించదు. అందుకే మొహానికి ఏటవాలు, కోటుకి చదరం అని పాత ఎన్‌గ్రేవర్లు పిల్లలకి మొదట్లోనే చెప్పేవారు. ఒక్క మిల్లీమీటరు వెడల్పులో ఐదారు గీతలు పట్టే చోట ఈ నిర్ణయాలన్నీ తీసుకోవాలి. గీత ఏ దిక్కున పోవాలి, ఎక్కడ లావెక్కాలి, ఎక్కడ ఆగాలి అనేది చెక్కే ముందే తెలిసి ఉండాలి. పెన్సిల్ వాళ్లకి ఇదే కష్టం. వాళ్లు మొహాన్ని టోన్లుగా, అంటే ముదురు లేత మచ్చలుగా చూడటానికి అలవాటుపడి ఉంటారు, ఇక్కడ అదే మొహాన్ని గీతలుగా చూడాలి. మీ డ్రాయింగ్‌లో పనికొచ్చేది షేడింగ్ కింద ఉన్న ఎముకల జ్ఞానం, పోలిక పట్టే కన్ను. అవి లేనివాళ్లకి ఎన్నేళ్లు నేర్పినా రావు కాబట్టి మీ పునాది గట్టిదే.

పనిముట్ల సంగతి. ప్రధానమైనది బ్యూరిన్. చతురస్రంగానో డైమండ్ ఆకారంలోనో ఉండే సన్నటి ఉక్కు కడ్డీ, కొన ఏటవాలుగా అరగదీసి ఉంటుంది, పుట్టగొడుగు ఆకారంలో ఉన్న చెక్క పిడి అరచేతిలో కూర్చుంటుంది. చూపుడు వేలు కడ్డీ వెంట ఆనించి, అరచేత్తో ముందుకి నెడతారు. బలం అరచేతిది, అదుపు వేళ్లది. వంపు గీత కావాలంటే బ్యూరిన్ తిప్పరు. తోలు దిండు మీద ఉన్న ప్లేటునే రెండో చేత్తో తిప్పుతారు. కుడి చెయ్యి దాదాపు కదలకుండా ఉంటే, ఎడమ చెయ్యి గుండ్రదనాన్ని గీస్తుంది. అప్రెంటిస్‌గా చేరినవాళ్లు మొదట నేర్చుకునేది బొమ్మ చెక్కడం అనుకుంటారు. మొదట నేర్చుకునేది బ్యూరిన్‌కి పదును పెట్టడం. నూనె రాయి మీద అరగదీసి, కొనని బొటనవేలి గోరు మీద ఆనించి చూస్తారు. పట్టుకుంటే పదునుంది, జారితే మళ్లీ రాయి దగ్గరికే. పదును తగ్గిన బ్యూరిన్ జారి ప్లేటు మీద అడ్డంగా గీత పెడుతుంది. బల్ల ముందు ట్రేసింగ్ పేపర్ లాంటి పల్చటి తెర కడతారు. వెలుగు దాంట్లోంచి మెత్తగా పడకపోతే ఉక్కు మెరుపులో గీత కనపడదు.

బొమ్మని ప్లేటు మీదకి దించడం కూడా ఒక విద్యే. ఒరిజినల్ మీద అవతలిది కనిపించే జెలటిన్ పలక పెట్టి, ముఖ్యమైన గీతల్ని సూదితో దాని మీద గీస్తారు. ఆ గీతల్లో ఎర్రటి పొడి నింపి, పలకని బోర్లించి ప్లేటు మీద రుద్దుతారు. బొమ్మ కుడి ఎడమలు తారుమారై ప్లేటు మీద పడుతుంది. అక్కడి నుంచి పనంతా అద్దంలో బొమ్మలా తిరగేసే, అచ్చయ్యే సైజులోనే. కాసేపు చెక్కడం, అంచుల్లో లేచిన ఉక్కు రజను స్క్రేపర్‌తో తీయడం, ఇంకు పూసి ప్రూఫ్ (సరిచూసుకోవడానికి వేసే అచ్చు) తీయడం, ప్రూఫ్‌ని భూతద్దం కింద చూడటం, మళ్లీ కొన్ని గీతలు లోతు చేయడం. ఇలా ఒక స్టాంపుకి వారాలు, నోటు పోర్ట్రెయిట్‌కి నెలలు పడతాయి. ఎక్కువైన గీతని తీసేయడం అసాధ్యమేమీ కాదు. ఆ చోట ఉక్కుని గీకేస్తారు, అప్పుడు పడిన గుంటని కాలిపర్స్‌తో గుర్తుపట్టి ప్లేటు వెనక నుంచి సుత్తితో కొట్టి పైకి లేపుతారు, బర్నిషర్‌తో నున్నగా చేసి మళ్లీ చెక్కుతారు. కానీ మొహం మధ్యలో ఆ పని ఎవరూ ఇష్టపడి చేయరు.

ఫోటోని ఉన్నదున్నట్టు దించేస్తే చాలు కదా అని మీకు అనిపించవచ్చు. దానికి ఈ రంగంలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. 1954లో కెనడా రెండో ఎలిజబెత్ రాణి బొమ్మతో కొత్త నోట్లు తెచ్చింది. యూసఫ్ కార్ష్ తీసిన ఫోటో ఆధారంగా జార్జ్ గండర్సన్ ఆ పోర్ట్రెయిట్ చెక్కారు. ఆయన చేయి తిరిగిన ఎన్‌గ్రేవర్. రాణి చెవి వెనక జుట్టు ముడుల్లో పడ్డ వెలుగునీడల్ని ఫోటోలో ఎలా ఉన్నాయో అలాగే దించారు. నోట్లు బయటికొచ్చాక జనానికి ఆ జుట్టులో నవ్వుతున్న దెయ్యం మొహం కనిపించింది. ఫిర్యాదులు వచ్చాయి, 1956లో ప్లేట్లు సవరించి ఆ వెలుగు మచ్చల్ని ముదురు చేశారు. నాణేలు, నోట్లు సేకరించేవాళ్లు ఇప్పటికీ ఆ మొదటి నోట్లని డెవిల్స్ హెడ్ నోట్లనే అంటారు. గండర్సన్ పనితనంలో నాకు ఏ లోపమూ కనపడదు. ఫోటోలో టోన్లు ఒకదాన్లో ఒకటి కరిగి ఉంటాయి కాబట్టి కన్ను వాటిని జుట్టుగానే చూస్తుంది. అవే టోన్లు గీతలైనప్పుడు అంచులు గట్టిపడతాయి, అప్పుడు మచ్చలకి సొంత ఆకారం వస్తుంది. జుట్టు, చెవి, మెడ మడతలు చెక్కేటప్పుడు బొమ్మని తలకిందులు చేసి, దూరంగా పెట్టి చూడమని నేను నా దగ్గర నేర్చుకున్నవాళ్లకి చెప్పేది ఇందుకే.

మొహమే ఎందుకు అన్నదానికీ కారణం ఉంది. 1839లో బ్రిటన్ ప్రభుత్వం తపాలా బిళ్లల కోసం సూచనలు పిలిచినప్పుడు బెంజమిన్ చెవర్టన్ అనే ఆయన విక్టోరియా రాణి తల బొమ్మ పెట్టమన్నాడు. మనిషి కన్ను మొహంలో చిన్న తేడాని కూడా పసిగడుతుంది, నకిలీ వెంటనే తెలిసిపోతుంది అన్నది ఆయన వాదన. చార్ల్స్ హీత్, ఆయన కొడుకు ఫ్రెడరిక్ చెక్కిన ఆ తలతోనే ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ల పెన్నీ బ్లాక్ 1840 మే 6న వాడకంలోకి వచ్చింది. నకిలీల భయం వెనక ఒక విషాదం ఉంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1797లో ఒకటి, రెండు పౌండ్ల చిన్న నోట్లు వేయడం మొదలుపెట్టింది. వాటిని నకలు చేయడం ఎంత తేలికంటే, తర్వాతి పాతికేళ్లలో దొంగనోట్ల కేసుల్లో 300 మందికి పైగా ఉరికంబం ఎక్కారు. నకలు చేయలేని నోటు కోసం వెతుకులాటలోనే 1819లో జేకబ్ పర్కిన్స్ అమెరికా నుంచి లండన్ వచ్చాడు. మెత్తటి ఉక్కు మీద చెక్కి, దాన్ని గట్టిపరిచి, మెత్తటి ఉక్కు రోలర్ మీదకి ఒత్తి, ఆ రోలర్‌ని మళ్లీ గట్టిపరిచి పెద్ద ప్లేటు మీద ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు దించడం అతని పద్ధతి. పెన్నీ బ్లాక్ ప్లేటులో 240 బిళ్లలూ ఒకే డై (చేత్తో చెక్కిన అసలు ఉక్కు దిమ్మ) నుంచి అలా దిగినవే. ఒక్కసారి ఒక్క చెయ్యి చెక్కితే లక్షల సార్లు అదే గీత వస్తుంది. ఆ చెయ్యి ఎవరిదో వాళ్లు తప్ప మరొకరు మళ్లీ అలా చెక్కలేరు. మన ఉద్యోగం నిలిచింది ఈ రెండింటి మీదే.

ఇక కెరీర్. నోట్ల వైపూ స్టాంపుల వైపూ జీవితాలు చాలా వేరుగా ఉంటాయి.

నోటుని ఒక్కరే చెక్కరు. పోర్ట్రెయిట్, దృశ్యాలు ఒకరివి, అక్షరాలు, అంకెలు మరొకరివి, అల్లికలా కనిపించే గిలోష్ డిజైన్లు జామెట్రిక్ లేత్ వంటి యంత్రాలవి, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌వి. అక్షరాలు చెక్కడం తక్కువ పని అనుకోకండి. ఒక సున్నాని రెండు వైపులా ఒకే మందంతో తిప్పడం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది. అప్రెంటిస్‌షిప్ పెద్ద ప్రెస్‌లలో ఏడు నుంచి పదేళ్ల దాకా నడిచేది. మొదటి కొన్నేళ్లు పాత ఎన్‌గ్రేవింగ్‌లని గీతకి గీత కాపీ చేయడమే. విసుగనిపిస్తుంది, కానీ చనిపోయిన ఎన్‌గ్రేవర్ దగ్గర పాఠం చెప్పించుకోవడానికి ఇంకో మార్గం లేదు. డైలు రోజూ సాయంత్రం లెక్కచూసి స్ట్రాంగ్ రూమ్‌లో పెడతారు, ప్రూఫ్‌లకి నంబర్లుంటాయి, ఏదీ ఇంటికి తెచ్చుకోకూడదు, నోటు విడుదలయ్యేదాకా ఏం చెక్కుతున్నారో ఇంట్లో కూడా చెప్పకూడదు. నోటు మీద మీ పేరుండదు. అమెరికా ఒక డాలర్ నోటు మీద వాషింగ్టన్ బొమ్మని జి.ఎఫ్.సి. స్మిలీ చెక్కారు. 1918 నోటు మీద వచ్చిన ఆ బొమ్మే ఇప్పటికీ నడుస్తోంది. స్మిలీ 1924లోనే పోయారు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువసార్లు అచ్చయిన పోర్ట్రెయిట్లలో ఒకటి ఆయనది, దారిన పోయే వెయ్యిమందిని అడిగినా ఆయన పేరు తెలియదు. ఇది మీకు బాధ అనిపిస్తే నోట్ల వైపు రావద్దు. నాకు మాత్రం నేను పని చేసిన నోటు ఎవరి చేతిలోనైనా చూసినప్పుడు కలిగే తృప్తికి పేరు అవసరం అనిపించలేదు.

స్టాంపు చిన్నదే కానీ సాధారణంగా మొత్తం ఒక్క చేతి పనే. బొమ్మ, అంచు, అక్షరం అన్నీ మీవే. చాలా దేశాల స్టాంపుల కింది అంచున ఎన్‌గ్రేవర్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫ్రీలాన్స్‌గా రెండు మూడు దేశాలకి పనిచేసినవాళ్లున్నారు. ఈ రంగంలో అందరూ తలుచుకునే మనిషి చెస్వావ్ స్వానియా. 1921లో పోలండ్‌లో పుట్టారు, క్రాకోలో ఆర్ట్ అకాడమీలో చదివారు, అక్కడే పోలండ్ చిత్రకారుడు యాన్ మాటెయ్కో వేసిన మహా యుద్ధచిత్రం గ్రున్‌వాల్డ్‌ని అతి చిన్న సైజులో ఉక్కు మీద చెక్కారు. 1951లో పోలండ్ స్టాంపుతో మొదలై, 1956లో స్వీడన్ చేరి, 2000లో వెయ్యో స్టాంపు పూర్తి చేశారు. అది ఎరెన్‌స్ట్రాల్ అనే చిత్రకారుడు వేసిన పాత చిత్రానికి చెక్కిన స్టాంపు, మనుషులు, గుర్రాలు, మేఘాలతో కిక్కిరిసి ఉంటుంది. 2005లో చనిపోయేదాకా చెక్కుతూనే ఉన్నారు. నేను ఆయన్ని ఎక్కువ గౌరవించేది సంఖ్య చూసి కాదు. స్వీడన్‌లో పని దొరకడానికి ఎదురుచూసిన రోజుల్లో ఆయన ఖాళీగా కూర్చోలేదు, సినిమా తారల మొహాలని స్టాంపు సైజులో సొంతంగా చెక్కుకున్నారు. తర్వాత బాక్సర్ల సీరీస్ కూడా అలాగే చేశారు. ఎవరూ అడగని పని అది, చెయ్యి ఆగకూడదని చేసింది.

కంప్యూటర్ల గురించి. అవును, చాలా మారింది. ఇవాళ ఎన్నో నోట్ల పోర్ట్రెయిట్లు టాబ్లెట్ మీద, గీతకి లోతు విలువ కూడా ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో తయారవుతున్నాయి. ప్లేటుని లేజర్ చెక్కుతుంది. రోలర్‌తో దించే పని దాదాపు పోయింది. స్టాంపుల్లో నష్టం ఇంకా ఎక్కువ, ఎన్నో దేశాలు చవకని చూసుకుని, గాడులు లేని చదును ప్లేట్లతో అచ్చేసే ఆఫ్‌సెట్‌కి మారిపోయాయి. ఇది నాకు నిజంగా బాధ. కానీ ఫోటో ఇచ్చి గీతలు నింపమంటే సాఫ్ట్‌వేర్ చేసేది ఒక్కటే, నలుపు ఎక్కువ ఉన్నచోట గీత లావు చేస్తుంది. బుగ్గ ఎటు వంగిందో, ముక్కు పక్క నీడ పెదవి దగ్గర ఎందుకు ఆగాలో దానికి పట్టదు. అలాంటి మొహం ముద్రించాక చదునుగా, మాస్క్‌లా కనిపిస్తుంది. ఆ గీతలకి దిక్కు ఇచ్చేవాళ్లు ఇంకా కావాలి, ఆ తెలివి లోహం మీద చేసినవాళ్లకే త్వరగా వస్తుందని నా అనుభవం. డిజిటల్ నేర్చుకోవద్దని అననే అనను. వెక్టర్ లైన్ వర్క్, అంటే కంప్యూటర్‌లో గీతలతో బొమ్మ కట్టడం రాకపోతే ఇవాళ ఇంటర్వ్యూ దాకా కూడా వెళ్లరు.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తాను. ప్రభుత్వ ప్రెస్‌లు, డి లా ర్యూ, గీసెకే డెవ్రియంట్ లాంటి ప్రైవేటు సెక్యూరిటీ ప్రింటర్లు, వాళ్లకి యంత్రాలు చేసే కంపెనీలు, అంతే ప్రపంచమంతా. ఒక్కో చోట ఎన్‌గ్రేవర్లని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఒకరు రిటైరైతే తప్ప ఖాళీ రాదు, కొన్నిసార్లు అప్పుడూ రాదు. ఎంపికైనా మీ గతం గురించి క్షుణ్ణంగా విచారణ జరుగుతుంది. కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. ప్రింట్‌మేకింగ్, నగల మీద, వాచీల మీద చెక్కడం, మెడల్ డైలు, సెక్యూరిటీ డాక్యుమెంట్ డిజైన్, ఇవన్నీ ఇదే చేతిని పోషిస్తాయి, ఇందులోంచి నోట్ల వైపు వచ్చినవాళ్లూ ఉన్నారు. ప్యారిస్‌లో ఎకోల్ ఎస్తియెన్ ఇప్పటికీ ఎన్‌గ్రేవింగ్ నేర్పుతోంది, ఫ్రాన్స్ స్టాంపులు చెక్కేవాళ్లు చాలామంది అక్కడి నుంచే వచ్చారు. దూరం కావచ్చు, ఫీజులూ భాషా చూసుకోవాలి, కానీ అలాంటి చోటు ఉందని తెలిసి ఉండటం మంచిది.

ఈ ఏడాది మీరు చేయగలిగింది ఇది. ముందు రెండు మూడు నెలలు షేడింగ్ పూర్తిగా ఆపేయండి. సన్నటి పెన్నుతో, రుద్దకుండా, కేవలం గీతలతో మొహాలు వేయండి, అరచేతి సైజు దాటకుండా. ఏదైనా నోటు స్కాన్ చేసి పెట్టుకోకండి, చాలా దేశాల్లో నోటు బొమ్మని కాపీ చేయడం మీద చట్టం కఠినంగా ఉంటుంది. పాత ఎన్‌గ్రేవ్డ్ స్టాంపులు చవకగా దొరుకుతాయి, వాటినే భూతద్దం కింద పెట్టి గీతకి గీత పెద్దది చేసి గీయండి. మీ కాలేజీ ప్రింట్‌మేకింగ్ విభాగంలో ఎచింగ్ ప్రెస్ ఉంటే రాగి రేకు మీద మొదలుపెట్టండి, ఉక్కు తర్వాత. మొదటి ప్లేటు మీద మొహం వద్దు, సమాంతర గీతలు, వంపు గీతలు, సన్నగా మొదలై లావెక్కి మళ్లీ సన్నబడే గీతలు, అంతే. ఆ తర్వాత ఒక గుడ్డు, తర్వాత ఒక చెవి. ఎక్కడికైనా అప్లై చేసేటప్పుడు పెద్ద పెన్సిల్ పోర్ట్రెయిట్లు పంపకండి. చిన్న ప్లేటు ప్రూఫ్‌లు, మొదటి ప్రూఫ్ నుంచి చివరిదాకా వరసగా పంపండి. చూసేవాళ్లు వెతికేది మీరు ఏ దశలో ఏ గీత కలిపారు, ఎక్కడ ఆగారు అనేదే.

కళ్లద్దాల గురించి కూడా ఎవరో కింద అడిగారు. కళ్లద్దాలతో ఇబ్బంది లేదు, మనమంతా లెన్స్ కిందే పనిచేస్తాం. మెడ, భుజం ముఖ్యం. బల్ల ఎత్తు సరిచేసుకోండి, గంటకోసారి లేచి దూరంగా చూడండి. రాగి మీద మొదటి ప్రూఫ్ తీశాక ఇక్కడ పెట్టండి, వెలుగు పక్క నుంచి పడేలా దగ్గరగా ఫోటో తీస్తే గీతల లోతు నాకు కనిపిస్తుంది, ఏది సరిచేయాలో చెప్తాను.